కాకినాడ ప్రయోగం: మెక్లీలండ్ సిద్ధాంతంలో ఒక మలుపు

నాయకత్వం, సంస్థాగత పరివర్తనలకు సంబంధించిన అధ్యయనాలపై హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలండ్ (1917-1998) ప్రభావం విస్తృతమైనది. ఆయన పద్ధతికి కథల విశ్లేషణ ఆధారం కావడం సాహిత్య పరిశోధకులు గమనించదగిన అంశం. 1961లో వెలువడిన 'ది అచీవింగ్ సొసైటీ'లో ఆయన వివిధ దేశాల పిల్లల వాచకాలలోని కథలను పరిశీలించి, వాటిలో వ్యక్తమయ్యే సాధనా ప్రేరణకూ ఆయా దేశాల ఆర్థికాభివృద్ధికీ సంబంధం ఉందని ప్రతిపాదించారు. ఆ ప్రేరణకు బాల్యంలోని పెంపకమే ప్రధాన మూలమని నాడు భావించారు. అదే నిజమైతే వయోజనులలో దానిని పెంపొందించడం దుస్సాధ్యం.

ఈ భావనను పరీక్షించడానికి కాకినాడ వేదికైంది. 1964లో ఆరంభమైన ప్రయోగంలో ఆ పట్టణానికి చెందిన 52 మంది హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో శిక్షణ పొందారు. కథలు రాయడం, తమ ఆలోచనాసరళిని తామే పరిశీలించుకోవడం ఆ శిక్షణలో భాగాలు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ప్రకటించిన గ్రంథంలో మెక్లీలండ్, శిక్షితులలో వ్యాపార చొరవ పెరిగిందనీ, సంప్రదాయ విశ్వాసాలు దానికి అవరోధం కాలేదనీ నిరూపించజూశారు. అయితే సొంత వ్యాపారంపై నిర్ణయాధికారం ఉన్నవారిలోనే ఫలితం స్పష్టంగా కనిపించింది. ప్రేరణ ఫలించడానికి అవకాశమూ అవసరమని దీనివల్ల తేలుతుంది.

1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో రాసిన వ్యాసంలో ఆయన దృష్టి సంస్థల నాయకత్వం వైపు మళ్లింది. వ్యక్తిగత సాధనేచ్ఛ ఒక్కటే మంచి నిర్వాహకుణ్ణి తయారు చేయదనీ, సంస్థ శ్రేయస్సుకై ఇతరులను ప్రభావితం చేయాలన్న ఆకాంక్ష అంతకంటే ముఖ్యమనీ అందులో వాదించారు. మెక్లీలండ్ ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండు దశలనూ కలిపి చూడాలి. వయోజనుల ప్రేరణ మారగలదన్న ఆయన వాదానికి కాకినాడ వర్తకుల అనుభవం ఒక ముఖ్యమైన ఆధారం. ఆ వాదానికున్న పరిమితిని తెలిపిందీ అదే అనుభవం.