చెకుముకి సైన్స్ సంబరాలు

చెకుముకి సైన్స్ సంబరాలు తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలల విద్యార్థులకు జన విజ్ఞాన వేదిక నిర్వహించే సైన్స్ పోటీ. 8, 9, 10 తరగతుల నుంచి ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు ఒక జట్టుగా పాల్గొంటారు. పోటీ బడిలో మొదలై మండలం, జిల్లా దశలు దాటి రాష్ట్రస్థాయిలో ముగుస్తుంది. చెకుముకి టాలెంట్ టెస్ట్ అనే పేరు కూడా వాడుకలో ఉంది.

పేరు

అగ్గిపెట్టె రాకముందు చెకుముకి రాయిని ఉక్కు ముక్కతో కొట్టి నిప్పు పుట్టించేవారు. రాయి ఒరుసుకున్నప్పుడు ఉక్కు నుంచి రాలే సన్నని ఇనుప రజను గాలి తగిలి మండుతుంది. కంటికి కనిపించే నిప్పురవ్వ అదే. రాయి ఒక్కటే ఉన్నా, ఉక్కు ఒక్కటే ఉన్నా రవ్వ పుట్టదు. జన విజ్ఞాన వేదిక వెలువరించే పిల్లల సైన్స్ మాసపత్రిక పేరు కూడా చెకుముకే.

నేపథ్యం

సి.వి. రామన్ తన పేరు మీద ప్రసిద్ధమైన కాంతి పరిక్షేపణ ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న వెల్లడించారు. 1987 నుంచి దేశమంతటా ఆ తేదీన జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుతున్నారు. 1988లో అదే రోజున జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. ఇది అఖిల భారత ప్రజా సైన్స్ నెట్‌వర్క్‌లో సభ్య సంస్థ. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. ఆ విధిని బడి వయసులోనే అలవాటు చేసే ప్రయత్నాల్లో ఈ సంబరాలు ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేర్వేరుగా జరుగుతున్నాయి.

జట్టు కూర్పు

పదో తరగతిలో చురుకైన ముగ్గురిని ఏరి పంపడానికి ఇక్కడ వీల్లేదు. మూడు తరగతుల పిల్లలూ ఉండాలి కాబట్టి ఎనిమిదో తరగతి విద్యార్థి మాటకూ జట్టులో విలువ ఉంటుంది. ఏటా పదో తరగతి విద్యార్థి బడి వదిలి వెళ్లినా, ఆ ఏడాది నేర్చిన అనుభవం మిగతా ఇద్దరితో బడిలోనే నిలుస్తుంది.

మండల దశ: బాపులపాడు

ఆంధ్రప్రదేశ్‌లో మండల వ్యవస్థ 1985లో వచ్చింది. తాలూకా కన్నా మండలం చిన్నది కావడంతో, ఊరి బడి పిల్లలు పొద్దున బయలుదేరి పోటీ ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరే వీలు కలిగింది. కృష్ణా జిల్లా బాపులపాడు మండలం ఇందుకు మంచి ఉదాహరణ. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే హనుమాన్ జంక్షన్ ఈ మండలంలోనిదే. వీరవల్లి, ఆరుగొలను, రేమల్లె, ఓగిరాల, మల్లవల్లి వంటి ఊళ్లు దీని కిందికి వస్తాయి. పక్కనున్న నూజివీడు 2022 పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలోకి వెళ్లగా, బాపులపాడు కృష్ణా జిల్లాలోనే ఉంది. జిల్లా గీత మధ్యలో వచ్చినా రెండు చోట్లా పిల్లలు మామిడి తోటల మధ్యనే పెరుగుతున్నారు.

ప్రశ్నల తీరు

పాఠ్యాంశాన్ని కంఠతా పట్టారా అన్నదానికన్నా, దాన్ని చుట్టూ ఉన్న బతుకుతో కలిపి చూడగలరా అన్నది ఇలాంటి పోటీకి ముఖ్యం. మామిడినే తీసుకోవచ్చు. కోసిన కాయలను గడ్డిలో మాగవేస్తే ఎందుకు పండుతాయి? కాయ వదిలే ఇథిలీన్ వాయువు గడ్డి పొరల మధ్య నిలిచి పక్క కాయలనూ పండిస్తుంది. మరి కార్బైడ్‌తో ఎందుకు పండుతాయి? కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. అది ఇథిలీన్‌లాగే పనిచేస్తుంది. అయితే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండవచ్చు కాబట్టి పండ్లు మాగించడానికి దాన్ని వాడకూడదని చట్టం నిషేధించింది. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం వరకు అనుమతించింది. ఈ ఒక్క ప్రశ్నలో రసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం, ఆరోగ్యం, చట్టం నాలుగూ కలిసి ఉన్నాయి. చిన్న రసాల మామిడి కాలంలో ఇంట్లో మాగిన పండు వాసన ఎరిగిన పిల్లలకు ఇది పరాయి పాఠం కాదు.

ఇతర క్విజ్‌లు

బడి పిల్లలు జట్లుగా ఆడే పోటీలు వేరే చోట్లా ఉన్నాయి. అమెరికా హైస్కూళ్ల క్విజ్ బౌల్‌లో సాధారణంగా నలుగురేసి ఉన్న రెండు జట్లు బజర్లతో తలపడతాయి. ప్రశ్న చదవడం పూర్తికాకముందే బజర్ నొక్కవచ్చు. అక్కడా రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు ఉన్నాయి. భారతదేశంలో 1972లో మొదలైన బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ బడి పిల్లలకు, 1985లో దూరదర్శన్‌లో వచ్చిన క్విజ్ టైమ్ ఇంటిల్లిపాదికీ క్విజ్‌ను పరిచయం చేశాయి. హైదరాబాద్‌లో 1972లో మొదలైన కె-సర్కిల్ దేశంలోని పాత క్విజ్ సంఘాల్లో ఒకటి. ఇవి ఎక్కువగా ఇంగ్లీషులో, నగరాల్లో పెరిగాయి. చెకుముకి మాత్రం తెలుగు మాధ్యమంలో చదివే పల్లె పిల్లల దాకా వెళ్లింది.

ప్రాముఖ్యం

పాల్గొన్న జట్లలో ఎక్కువ భాగం మండల దశతోనే ఆగిపోతాయి. ఆ పిల్లలకు పోటీ అంటే తమ బడి, ఆ ఒక్కరోజు ప్రయాణం, పక్క ఊరి పిల్లలతో పరిచయం. రాష్ట్రస్థాయి బహుమతి అందుకునేది కొద్దిమందే అయినా, దాని కోసం ప్రతి బడిలోనూ మూడు తరగతులు కలిసి కూర్చుని ఎందుకు, ఎలా అని ప్రశ్నించుకుంటాయి. రవ్వ రాలేది అక్కడే.