ఫోన్‌లో నెట్ వస్తోంది.. కంప్యూటర్‌లో రావట్లేదా? ఐపీ అడ్రస్ చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. అన్ని కాలేజీల జాబితాను ఫోన్‌లో పైకీ కిందికీ జరుపుతూ పెట్టుకోవడం కష్టమని ఇంట్లోని డెస్క్‌టాప్ ముందు కూర్చున్నారు. తెర కింద కుడి మూలన 'నో ఇంటర్నెట్' అని కనిపిస్తోంది. అదే ఇంట్లో, అదే వైఫైతో ఫోన్ మాత్రం బాగానే పనిచేస్తోంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతికి మొదట కనిపించిన దానికి ఫోన్ చేస్తారు. అక్కడే కొత్త చిక్కు మొదలవుతుంది. అది అసలు నంబరో, మోసగాళ్లు పెట్టిందో తెలియదు. నిజానికి ఇలాంటి సమస్యల్లో చాలా వరకు కంప్యూటర్‌లోని ఒకటి రెండు సెట్టింగ్స్ సరిచేస్తే తీరిపోతాయి. అవేంటో, ఏ వరుసలో చూసుకోవాలో తెలుసుకుందాం.

ఐపీ అడ్రస్ అంటే ఏంటి?

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉంటుంది. అదే ఐపీ అడ్రస్. ఎక్కువగా కనిపించేది ఐపీవీ4. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల భాగాలు ఇందులో ఉంటాయి. ఒక్కో భాగం 0 నుంచి 255 వరకు ఉండొచ్చు. ఉదాహరణకు 192.168.1.5.

అపార్ట్‌మెంట్‌ను గుర్తు తెచ్చుకోండి. భవనానికి ఒక డోర్ నంబరు ఉంటుంది. లోపల ఫ్లాట్లకు 101, 102 అని వేరే నంబర్లు ఉంటాయి. 101 ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది, అయినా ఉత్తరాలు తారుమారు కావు. మీ రౌటర్ కూడా అంతే. బయటి ప్రపంచానికి అది ఒక నంబరుతో కనిపిస్తుంది. ఇంట్లోని ఫోన్, టీవీ, కంప్యూటర్‌లకు లోపలి నంబర్లు ఇస్తుంది. ఇలా లోపల వాడుకోవడానికే మూడు వరుసలు కేటాయించారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి.

ఈ ఏర్పాటుకు కారణం నంబర్ల కొరత. ఐపీవీ4లో మొత్తం నంబర్లు సుమారు 430 కోట్లే. 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ నిల్వలోని చివరి వాటాలను కూడా ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఈ కొరత వస్తుందని ముందే ఊహించి ఐపీవీ4 కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఐపీవీ6ను రూపొందించారు. మీ కంప్యూటర్‌లో అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి నంబరు కనిపిస్తే అది ఇదే. దాన్ని ఆపేయాల్సిన పనిలేదు.

ముందు తీగ, లైట్లు చూడండి

సెట్టింగ్స్ ముట్టుకునే ముందు రెండు నిమిషాలు వీటికి కేటాయించండి.

- ఫైబర్ బాక్స్‌పై 'ఎల్ఓఎస్' అనే ఎర్ర లైటు వెలుగుతుంటే బయటి నుంచి సిగ్నలే రావడం లేదు. మీ కంప్యూటర్‌లో ఏం మార్చినా లాభం లేదు. ప్రొవైడర్‌కు ఫిర్యాదు చేయాల్సిందే.
- డెస్క్‌టాప్ వెనుక కేబుల్ పెట్టేచోట సాధారణంగా చిన్న లైటు ఉంటుంది. అది వెలగకపోతే కేబుల్ వదులైందేమో చూడండి. 'టక్' మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. రౌటర్‌పై మరో పోర్టులో పెట్టి చూడండి.
- ఫోన్‌లో నెట్ వస్తోందని అనుకునే ముందు మొబైల్ డేటా ఆపి, వైఫై మీదే వస్తోందో లేదో చూడండి. ఈ చిన్న పొరపాటుతో గంటలు వృథా చేసుకునేవాళ్లున్నారు.
- రౌటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. లైట్లన్నీ నిలకడగా వెలిగాకే కంప్యూటర్ చూడండి.

మీ ఐపీ నంబరు ఏం చెబుతోంది?

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లండి. కేబుల్ వాడితే 'ఈథర్‌నెట్', లేదంటే 'వైఫై', అందులో మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ నొక్కండి. కిందికి జరిపితే 'ఐపీవీ4 అడ్రస్' కనిపిస్తుంది. దాన్నిబట్టి సమస్యను ఇలా అంచనా వేయొచ్చు.

- 192.168 లేదా 10తో మొదలైతే: సాధారణంగా రౌటర్ నంబరు ఇచ్చినట్లే. లోపం ఇంకెక్కడో ఉంది.
- 169.254తో మొదలైతే: రౌటర్‌ను అడిగినా నంబరు రాలేదు. దాంతో కంప్యూటర్ తనకు తానే ఒక తాత్కాలిక నంబరు పెట్టుకుంది. దీంతో ఇంటర్నెట్ రాదు. కేబుల్, రౌటర్ మళ్లీ చూడండి.
- అసలు నంబరే లేకపోతే: కనెక్షన్ ఏర్పడలేదు. లేదా నెట్‌వర్క్ అడాప్టర్ ఆపేసి ఉంది.
- ఫోన్‌లో 192.168.1 అని, కంప్యూటర్‌లో 192.168.0 అని ఉంటే: రెండూ ఒకే రౌటర్‌కు కలిసినవైతే, ఎప్పుడో ఎవరో కంప్యూటర్‌కు చేత్తో పెట్టిన పాత నంబరు అలాగే ఉండిపోయి ఉంటుంది. ప్రొవైడర్‌ను మార్చినప్పుడు, కొత్త రౌటర్ పెట్టినప్పుడు, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నప్పుడు తరచూ జరిగేది ఇదే.

ఆటోమేటిక్‌కు మార్చడం ఎలా?

రౌటర్ నుంచి పరికరాలు తమంతట తామే నంబరు తీసుకునే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఇళ్లలో దాదాపు అందరికీ ఇదే సరైనది. పైన చెప్పిన పేజీలోనే 'ఐపీ అసైన్‌మెంట్' ఎదురుగా 'మాన్యువల్' అని ఉంటే పక్కనున్న 'ఎడిట్' నొక్కి 'ఆటోమేటిక్ (డీహెచ్‌సీపీ)' ఎంచుకుని సేవ్ చేయండి. దాని కిందే ఉన్న 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్'నూ ఇలాగే మార్చండి. మార్చే ముందు పాత వివరాలను ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

ఉబుంటు వాడేవారు సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్'కు వెళ్లి, కనెక్షన్ పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి, 'ఐపీవీ4' ట్యాబ్‌లో 'ఆటోమేటిక్ (డీహెచ్‌సీపీ)' పెట్టుకోవాలి.

ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం ఈ పని సొంతంగా చేయొద్దు. చాలాచోట్ల ఒక్కో సీటుకు ఒక్కో నంబరు కేటాయించి ఉంటారు. అక్కడి సిస్టమ్ అడ్మిన్‌ను అడగండి.

మూడు పరీక్షలు

ఐపీ సరిగానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే స్టార్ట్ మెనూలో 'కమాండ్ ప్రాంప్ట్' వెతికి తెరవండి. అక్కడ ఇంగ్లిష్‌లో పింగ్ అని రాసి, ఖాళీ వదిలి, కింది వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి.

1. మీ రౌటర్ నంబరు. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. దీన్నే గేట్‌వే అంటారు. జవాబు రాకపోతే లోపం మీ ఇంట్లోనే, కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఉందని అనుకోవచ్చు.
2. 8.8.8.8. ఇది గూగుల్ నడిపే సర్వర్ నంబరు. మొదటిదానికి జవాబు వచ్చి, దీనికి రాకపోతే రౌటర్ దాటాక ఆగిపోతోంది. ప్రొవైడర్‌కు చెప్పాల్సిన సమస్య.
3. గూగుల్ డాట్ కామ్. రెండోదానికి జవాబు వచ్చి, దీనికి రాకపోతే లోపం డీఎన్ఎస్‌లో ఉంది.

సైట్ పేరును దాని ఐపీ నంబరుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్. ఫోన్‌లో పేరు నొక్కితే నంబరు డయల్ అయినట్లు. అది పనిచేయకపోతే నెట్ ఉన్నా సైట్ తెరుచుకోదు. 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్'లో 'మాన్యువల్' ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 ఇచ్చి చూడండి. పరిచయం లేనివారు చెప్పిన డీఎన్ఎస్ నంబర్లను మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. అలా చేస్తే మీరు బ్యాంకు పేరు టైప్ చేసినా నకిలీ సైట్‌కు తీసుకెళ్లే వీలు వారికి దొరుకుతుంది.

మాన్యువల్ ఎప్పుడు అవసరం?

ఇంటర్నెట్ సెంటర్‌లోనో, చిన్న ఆఫీసులోనో నాలుగు కంప్యూటర్లకు ఒకే ప్రింటర్ ఉందనుకోండి. ప్రింటర్ నంబరు మారితే అప్పటిదాకా వచ్చిన ప్రింట్లు ఆగిపోవచ్చు. అలాంటి పరికరాలకు స్థిరమైన నంబరు పెట్టడం మంచిది. అందుకు మూడు వివరాలు కావాలి. ఒకటి, ఐపీ. మరే పరికరానికీ లేనిది, రౌటర్ తనంతట తాను పంచే వరుసలో లేనిది ఎంచుకోవాలి. రెండోది, సబ్‌నెట్. సాధారణంగా 255.255.255.0. పాత పేజీల్లో దీన్నే 24 అని అడుగుతుంది. మూడోది, గేట్‌వే. అంటే రౌటర్ నంబరు. రెండు పరికరాలకు ఒకే నంబరు పడితే 'ఐపీ కాన్‌ఫ్లిక్ట్' అంటూ రెండింటికీ నెట్ వచ్చిపోతూ ఉంటుంది.

ఆ ఒక్క సైటే తెరుచుకోకపోతే?

- తేదీ, సమయం: పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. దాంతో సైట్ సురక్షితం కాదనే హెచ్చరిక వస్తుంది. తేదీ సరిచేస్తే చాలు.
- వీపీఎన్: కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీ నుంచి తెరుచుకోవు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే మీరు వేరే దేశంలో ఉన్నట్లు కనిపించొచ్చు. ఆపి చూడండి. విదేశాల్లో ఉంటూ ఇక్కడి పనులు చేసుకునే తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బందికీ ఒక్కోసారి ఇదే కారణం.
- ప్రాక్సీ: కాలేజీలోనో, ఆఫీసులోనో పెట్టిన ప్రాక్సీ ఇంటి కంప్యూటర్‌లో ఉండిపోతే సైట్లు ఆగిపోతాయి. 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లో 'ప్రాక్సీ'కి వెళ్లి మాన్యువల్ సెటప్‌ను ఆపేయండి.
- సర్వర్ రద్దీ: మిగతా సైట్లన్నీ వస్తూ, మొబైల్ డేటాలోనూ ఆ సైట్ రాకపోతే లోపం మీది కాదు. తెరపై వచ్చిన సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత ఫిర్యాదుకు పనికొస్తుంది.

ఏదీ పనిచేయకపోతే 'అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్'లో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. ఇది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లను, వీపీఎన్‌లను తీసేస్తుంది. పాస్‌వర్డ్ రాసిపెట్టుకున్నాకే వాడండి.

గడువు తరుముతుంటే..

రిపేరు తర్వాత చేసుకోవచ్చు. ముందు పని పూర్తి చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లోని హాట్‌స్పాట్ విభాగంలో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. కంప్యూటర్‌కు వైఫై సదుపాయం లేకపోయినా మొబైల్ డేటాతో నెట్ వస్తుంది. కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకమైతే ఈ ఆప్షన్ ఆన్ కాదు. డేటా పంపే కేబుల్ వాడాలి.

సాయం పేరుతో మోసం

ప్రొవైడర్ నంబరును బిల్లు మీద, వారి అధికారిక యాప్‌లో మాత్రమే చూసుకోండి. కంప్యూటర్ తెరను దూరం నుంచి చూసే యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా, 'పది రూపాయలు కట్టండి' అంటూ లింక్ పంపినా వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

లోపం ప్రొవైడర్ వైపే ఉంటే ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తప్పక తీసుకోండి. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పరిష్కారం నచ్చకపోతే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను నేరుగా తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను కూడా సంప్రదించొచ్చు.

ఈ రోజు నెట్ బాగా వస్తున్నప్పుడే మీ కంప్యూటర్ ఐపీ పేజీని ఒక ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. రౌటర్ నంబరు, వైఫై పాస్‌వర్డ్, ప్రొవైడర్ కస్టమర్ ఐడీ కూడా అక్కడే రాసిపెట్టుకోండి. సరిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలిస్తే, చెడినప్పుడు ఏం మారిందో పట్టుకోవడం తేలిక.