హుస్సేన్‌సాగరు బుద్ధుని ప్రయాణము

చిత్తూరు జిల్లాలో గంగవరము, పలమనేరు, కుప్పము ప్రాంతముల వారికి గ్రానైటు దిమ్మె క్రొత్త వస్తువు కాదు. ఒక ఘనమీటరు గ్రానైటు సుమారు 2.7 టన్నులు తూగును. రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల దిమ్మె పదిహేను టన్నులు. అట్టి దిమ్మెతో లారీ మొగిలి కనుమ దిగునప్పుడు డ్రైవరు లారీకి బ్రేకు వేయగలడు గాని దిమ్మెకు వేయలేడు. జడత్వమువలన అది ముందుకు పోజూచును. దానిని ఆపునవి గొలుసులు, అడ్డుచెక్కలు, అడుగున నున్న ఘర్షణ మాత్రమే.

ఇట్టి దిమ్మెకు ఇరువది రెట్లు మించిన ఏకశిల ఒకటి హైదరాబాదు చెరువు నడుమ నిలిచియున్నది. అది అక్కడికి చేరిన వృత్తాంతము భౌతికశాస్త్ర విద్యార్థులు తెలిసికొనదగినది.

న్యూయార్కులోని స్వేచ్ఛాదేవి విగ్రహమును చూచి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు, హుస్సేన్‌సాగరులో బుద్ధవిగ్రహము నిలుపదలచినారు. హైదరాబాదుకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున, భువనగిరి సమీపమందలి రాయగిరి వద్ద తగిన తెల్లని గ్రానైటు శిల దొరికినది. 1985లో పని మొదలైనది. గణపతి స్థపతి ఆధ్వర్యమున శిల్పులు చెక్కిన విగ్రహము ఎత్తు సుమారు 18 మీటర్లు. బరువు మూడువందల టన్నులకు పైమాటే. 1988 నవంబరులో అది నగరమునకు చేరినది. దాని కొరకు వీధులను వెడల్పు చేయవలసి వచ్చినది.

నిలుచున్న బుద్ధుని పరుండబెట్టి తెచ్చినారు. కారణము తెలియుటకు బడిలోని ఇనుప బీరువా చాలును. బీరువాను చిన్న ట్రాలీ ఆటోలో నిలువుగా నుంచి తీసికొనిపోయిన, మొదటి మలుపులోనే అది ఒరుగజూచును. వస్తువు గరిమనాభి నుండి క్రిందికి గీచిన నిలువుగీత ఆధారపీఠము లోపల ఉన్నంతకాలము వస్తువు పడదు. పీఠము ఇరుకై, గరిమనాభి ఎత్తున ఉన్న, కొద్దిపాటి వంపుకే ఆ గీత వెలుపలికి పోవును. పడుకోబెట్టిన గరిమనాభి దిగును, పీఠము పెరుగును. సామానులు మోయు కూలీలు ఈ సూత్రమును పుస్తకము చూడకయే ఎరుగుదురు.

ఇక చక్రములు. ఇంత బరువును నాలుగు చక్రములపై మోపిన రోడ్డు క్రుంగిపోవును. అందుచేత ఇట్టి పనికి వరుసలు వరుసలుగా చక్రములు గల ట్రెయిలరును వాడుదురు. చక్రములు పెరిగిన కొలది బరువు ఎక్కువ వైశాల్యముపై పరచుకొనును, పీడనము తగ్గును. అయితే రోడ్డు పలకవలె సమముగా ఉండదు గదా! గుంటపైకి వచ్చిన చక్రము బరువు మోయక, ప్రక్క చక్రములపై భారము పడును. దీనికి విరుగుడుగా ఈనాటి భారీ ట్రెయిలర్లలో ఇరుసుల మీది నూనె స్తంభములను గొట్టములతో కలుపుదురు. పాస్కల్ సూత్రము ననుసరించి నూనెలో పీడనము అంతటను సమమై, చక్రము లన్నియు బరువును పంచుకొనును.

నేలమీద ప్రయాణము ముగిసినది. అసలు గండము నీటిమీద ఉన్నది.

నేలపై వాహనము ఒరిగినను నేల ఒరుగదు. నీటిపై తేలు బల్లకట్టు సంగతి వేరు. బరువు కొంచెము ప్రక్కకు జరిగిన, బల్లకట్టు ఆ ప్రక్కకే వంగును. వంపు ఏర్పడగానే బరువు మరికొంత జారును. దానితో వంపు ఇంకను పెరుగును. మునిగిన ప్రక్కను నీరు పైకి నెట్టుచునే ఉండును గాని, బరువు ఎత్తుగా ఉన్నపుడు ఆ నెట్టుడు సరిపోదు. బల్లకట్టు మునుగకుండ తేలుట ఒక సంగతి, తిరుగబడకుండ తేలుట మరొక సంగతి.

రష్యావారు ఈ చిక్కును ముందే ఎదుర్కొన్నారు. సెంట్‌పీటర్స్‌బర్గులో పీటరు చక్రవర్తి విగ్రహమునకు పీఠముగా వేయి టన్నులకు మించిన బండను 1769-70 చలికాలమున, గడ్డకట్టిన నేలపై, కంచు గుండ్ల మీదుగా దొర్లించి సముద్రతీరమునకు చేర్చినారు. అక్కడినుండి బల్లకట్టుపై ఎక్కించి, ఇరుప్రక్కల రెండు యుద్ధనౌకలను ఆసరాగా నిలిపి తీసికొనిపోయినారు. ఇరుప్రక్కల ఆసరా ఉండుటచే బల్లకట్టు ఒరుగుటకు వీలు తగ్గినది.

1990 మార్చి 10న బుద్ధవిగ్రహమును బల్లకట్టుపై పీఠము వైపు తీసికొనిపోవుచుండగా అది ఒరిగి, విగ్రహము సాగరములో పడిపోయినది. పనిలో ఉన్నవారిలో పలువురు ప్రాణములు కోల్పోయినారు. ఈ కథ చెప్పువారు విగ్రహమునకు దెబ్బ తగులలేదని ఆశ్చర్యపడుదురు. నాకు ఆ మాటకన్న ముందు ఆ పనివారు జ్ఞాపకము వచ్చెదరు.

విగ్రహమును వెలికిదీయుటలో ఆర్కిమెడీసు సూత్రము కొంత తోడ్పడును. గ్రానైటు సాంద్రత నీటికి 2.7 రెట్లు గనుక, మునిగిన రాతి బరువులో మూడవవంతుకు పైగా నీరే మోయును. మూడువందల టన్నుల రాయి నీటిలో నూటతొంబది టన్నులుగా తోచును. కాని రాయి నీటిని వీడిన కొలది ఆ సాయము తగ్గిపోయి, పూర్తి బరువు గొలుసులపై పడును. లాగువారు మొదటి లెక్క చూచి గొలుసును ఎంచుకొనిన ప్రమాదమే. విగ్రహమును పైకి తీసి 1992 డిసెంబరు 1న పీఠముపై నిలిపినారు.