తియెన్‌త్సిన్ అల్లర్లలో అధికారుల బాధ్యత

1870 జూన్ 21న చైనాలోని తియెన్‌త్సిన్ పట్టణమున ఘోరము జరిగెను. కన్యాస్త్రీల అనాథాశ్రమములో పిల్లల కన్నులు పెరుకుచున్నారను వదంతి ప్రబలెను. ఫ్రెంచి కాన్సల్ ఫాంటానియే కోపముతో మేజిస్ట్రేటుపై తుపాకి కాల్చగా, గురి తప్పి సేవకునికి తగిలెను. జనసమూహము అతనిని, 10 మంది కన్యాస్త్రీలతో సహా సుమారు 20 మంది విదేశీయులను, ఎందరో చైనా విశ్వాసులను చంపెను.

విచారణ జరిపిన త్సెంగ్ క్వోఫాన్ వదంతి నిరాధారమని తేల్చెను. అల్లరిమూకలో 16 మందికి మరణశిక్ష అమలాయెను. ప్రిఫెక్టు, మేజిస్ట్రేటుల తలలు తీయవలెనని ఫ్రాన్సు పట్టుబట్టినను, వారికి ప్రవాసశిక్షయే పడెను. స్వదేశీయులు త్సెంగ్‌నే ద్రోహి అనిరి.

ప్రియులారా, యుద్ధనౌకల నీడలో జరిగిన తీర్పు న్యాయమైనను ప్రజలకు న్యాయముగా తోచదు. వదంతిని మొదటనే అణచుట అధికారి ధర్మము; అనుమానము రాకుండ తలుపులు తెరచియుంచుట మన ధర్మము.