పాలలో నీళ్లు, చట్టములో మాటలు

పాడి గలిగిన తెలుగింట పాలకు పేర్ల కొదువ లేదు. పితికినవి పితికినట్లు నురుగుతో త్రాగినచో గుమ్మపాలు. ఈనిన తొలిదినములవి జున్నుపాలు. కాచి చల్లార్చిన పాలపై కట్టునది మీగడ. అయితే ఈ మాటలన్నియు పాల స్థితిని చెప్పునవే గాని అమ్మినవాని బాధ్యతను చెప్పునవి కావు. ఆ పనికి మన వాడుకలో స్థిరపడిన మాట ఒక్కటే, కల్తీ. నీరు కలిపినను కల్తీయే, యూరియా కలిపినను కల్తీయే, ప్యాకెట్టుమీద వ్రాసినంత వెన్న లోపల లేకున్నను కల్తీయే, పశువు తిన్న బూజుచెక్కలోని విషము పాలలోనికి దిగినను కల్తీయే. చట్టము మాత్రము ఇన్నింటికి వేర్వేరు పేర్లు పెట్టుకొన్నది. ఆ పేర్లు పుట్టిన క్రమమును పరిశీలించినకొలది నాకు తోచిన దొక్కటి: ప్రతి పేరు వెనుక ఒక పరికరమో, ఒక పరీక్షయో నిలిచియున్నది, ఏ కాలమున దేనిని కొలువగలిగిరో, ఆ కాలమున దానినే నేరమనగలిగిరి.

మొదటి మాట ఇంగ్లండునుండి వచ్చినది. అక్కడ 1860లో ఆహారకల్తీపై తొలి శాసనము వెలువడి, అది నిర్వీర్యమని తేలిన పిదప, 1875 నాటి ఆహార ఔషధ విక్రయ చట్టము, కొనువాడు అడిగిన వస్తువు యొక్క స్వభావము, ద్రవ్యము, గుణము గాని దానిని అమ్ముట నేరమని సూత్రీకరించినది. ఇందు గమనింపవలసినది ‘అడిగిన’ యను పదము. నేరమునకు కొలత కొనువాని ఆశయే; అతని ఆరోగ్యము ఇంకను వెనుకపీటనే యున్నది. చెన్నపట్టణపు ప్రభుత్వము 1918లో కల్తీనిరోధక చట్టము చేసినపుడును, స్వతంత్ర భారతము 1954లో దేశమంతటికి ఆహారకల్తీ నిరోధక చట్టమును చేసి 1955 జూన్ 1 నుండి అమలుపరచినపుడును, ఈ భావమే పునాదియైనది.

అడిగిన పాలు కావని ఎట్లు తెలియును? తొలుత దొరికిన సాధనము లాక్టోమీటరు. గాజుబుడ్డి అడుగున బరువు, పైన సన్నని గొట్టము, గొట్టములో గీతలు. పాలలో విడిచినచో నిలువున తేలును. నీరు కలిసిన పాలలో మునుగును, చిక్కని పాలలో లేచి నిలుచును. పల్లెలోని పాలకేంద్రమున తెల్లవారుజామున దీని చుట్టు గుమిగూడినవారి ముఖములు చూచిన వారికి, ఆ గీతలపై ఎంత నమ్మకము, ఎంత భయము ఉండెనో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఈ పరికరమున కొక గొప్ప లోపము గలదు. వెన్న నీటికన్న తేలిక. కావున మీగడ తీసినచో పాలు బరువెక్కి గీత పైకి పోవును, నీరు పోసినచో క్రిందికి దిగును, రెండును తగుపాళ్లలో చేసినచో గీత మరల స్వస్థానమునకే వచ్చును. రెండుమార్లు మోసము చేసినవాడు నిర్దోషిగా నిలుచును!

ఈ చిక్కును విప్పినవారు ఇద్దరు. అమెరికాలో 1890లో బాబ్‌కాక్, స్విట్జర్లాండులో 1891లో గెర్బర్, వెన్నను వేరుచేసి కొలుచు పద్ధతులను కనిపెట్టిరి. మన డెయిరీలలో నిలిచినది గెర్బర్ పద్ధతి. గాజుతో చేసిన బ్యుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లము పోసి, దానిపై 10.75 మిల్లీలీటర్ల పాలు మెల్లగా జార్చి, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ చేర్చి బిరడా బిగించి కుదిపినచో, గొట్టము చేతిని కాల్చునంత వేడెక్కును, పాలు ముదురు గోధుమవర్ణమునకు తిరుగును. అంతట యంత్రములో వేగముగా త్రిప్పి వేడినీట ఉంచినపుడు, లేత పసుపువన్నె వెన్న గీతలున్న మెడలోనికి చేరి నిలుచును. నేటికిని రైతు నోట ‘ఫ్యాట్ ఎంత వచ్చెను?’ అను ప్రశ్న ఈ మెడనుండి పుట్టినదే. వెన్న పోగా మిగిలిన ఘనపదార్థమునకు ఎస్.ఎన్.ఎఫ్. అను మూడక్షరముల పేరు వచ్చెను. ఈ రెండు అంకెలే పాలకు చట్టబద్ధమైన నిర్వచనమైనవి: టోన్డ్ పాలకు వెన్న 3, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతము, డబుల్ టోన్డ్‌కు 1.5, 9, ఫుల్ క్రీమ్‌కు 6, 9. ఏ జాతి పాలో చెప్పక అమ్మినవానికి గేదెపాల ప్రమాణమే వర్తించునని నియమము. జున్నుపాలు ఆ నిర్వచనమున చేరవు.

ఇచ్చట చట్టపు మాటలో ఒక అన్యాయము ప్రవేశించినది. ప్రమాణమునకు తగ్గినదెల్లను కల్తీయే యని 1954 చట్టము చెప్పినది. మేత చాలక వెన్న తగ్గిన ఆవుపాలను ఉన్నవి ఉన్నట్లుగా తెచ్చిన పేదరైతును, చెరువునీరు కలిపిన దళారిని, రంగునూనె కలిపిన వ్యాపారిని ఒకే మాట బోనెక్కించినది. కనీసశిక్షయు వారికి సమానముగా వేలాడినది. 1976 సవరణలో ప్రకృతికారణములచేత, మానవప్రయత్నమునకు మించి, ప్రమాణము తగ్గిన ప్రాథమికాహారమును కల్తీగా ఎంచరాదను వాక్యము చేర్చబడినది. ఆ వాక్యము ఎంతమందికి అక్కరకు వచ్చినదను సంగతి అటుంచి, ఒకే మాట రెండు భారములు మోయలేదని చట్టమే ఒప్పుకొన్న తొలి సందర్భమది యని నేను భావించుచున్నాను.

నేతి విషయమున పరికరము చాలక చట్టమే ఒక గురుతును నాటవలసివచ్చెను. వనస్పతి నేతిలో కలిపినచో కంటికి తెలియదు. అందుచేత వనస్పతిలో 5 శాతమునకు తక్కువకాకుండ నువ్వులనూనె ఉండవలెనని నియమించిరి. నువ్వులనూనె ఉన్నచో హైడ్రోక్లోరిక్ ఆమ్లము, ఫర్ఫ్యూరాల్ చేర్చినపుడు ఎఱ్ఱవన్నె తేలును. దొంగ రాకముందే వాని కాలికి గజ్జె కట్టిన ఉపాయమిది.

ఇంతవరకు కథ అంతయు పలుచనకు, చిక్కదనమునకు సంబంధించినది. రెండవ మార్గము సూక్ష్మజీవులనుండి తెరుచుకొన్నది. పాశ్చర్ 1860ల దశకమున ద్రాక్షాసవము చెడకుండ మెల్లగా వేడిచేయు పద్ధతిని కనిపెట్టగా, పసిబిడ్డల పాలకు దానిని వర్తింపజేయుమని 1886లో జర్మనీకి చెందిన సోక్స్‌లెట్ సూచించెను. పాశ్చరీకరణమనగా మనము ఇంట చేయు పొంగించుట కాదు. 63 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 30 నిమిషములు, లేదా 72 డిగ్రీలలో 15 సెకండ్లు ఉంచి వెంటనే చల్లార్చుట. ఈ అంకెలును శాశ్వతములు కావు: క్యూ జ్వరమును కలిగించు సూక్ష్మజీవి పాతవేడికి చావదని తెలిసి, 1956లో అమెరికనులు 61.7 డిగ్రీలను 62.8కి పెంచిరి. వేడి తగినంత తగిలినదా లేదా అని తెలిసికొనుటకు 1930లలో ఫాస్ఫటేజ్ పరీక్ష వచ్చెను. పాలలో సహజముగా ఉండు ఒక ఎంజైము, రోగక్రిములు చచ్చు వేడికి కొంచెము పైననే నశించును. అది మిగిలినచో పాలు సరిగా కాగలేదని అర్థము. వస్తువును గాక, దానిపై జరిగిన పనిని పరీక్షించుట ఇక్కడ మొదలైనది. నిజమునకు ఈ మలుపు లాక్టోమీటరు మొదలుకొని జరిగిన మార్పులన్నింటికన్న పెద్దది.

ఆ దారినే హాసప్ అను పదము వచ్చినది. వ్యోమగాములు భుజించు ఆహారములో ఒక్క ముద్దయు చెడిపోరాదు. పరీక్షించుటకు ముద్దలన్నిటిని విప్పిచూచినచో తినుటకేమియు మిగులదు. అందుచేత అమెరికాలో పిల్స్‌బరీ సంస్థ నాసాతోను, నాటిక్ సైనిక ప్రయోగశాలతోను కలిసి, ప్రమాదము ఏ మెట్టున పుట్టగలదో ఆ మెట్టుననే కావలి యుంచు పద్ధతిని రూపొందించినది. 1963లో మొదలైన అంతర్జాతీయ ఆహారప్రమాణముల కోడెక్స్ సంఘము 1993లో దీనిని ప్రపంచమునకు మార్గదర్శకముగా స్వీకరించెను. ఈ పద్ధతి అవసరమెంతటిదో 2008లో చైనాలో ఘోరముగా రుజువైనది. మాంసకృత్తులను నత్రజనిని బట్టి లెక్కించు పరీక్షను మోసగించుటకు పాలలో మెలమైన్ కలుపగా, ఆరుగురు శిశువులు మరణించిరి, దాదాపు 3 లక్షలమంది రోగగ్రస్తులైరి. అంకె సరిగానే యున్నది, పాలు విషమైనవి. మన దేశమున యూరియా కలుపు దుర్మార్గుడును ఎస్.ఎన్.ఎఫ్. అంకెనే లంచముతో మేపుచున్నాడు.

మన పార్లమెంటు 2006లో ఆహారభద్రత, ప్రమాణముల చట్టమును చేసి, 2011 ఆగస్టు 5 నుండి అమలుపరచినది. పేరులోనుండియే ‘కల్తీ’ తొలగినది. ఆహారపు తనిఖీదారు ఆహారభద్రతాధికారియైనాడు. పాత ఒక్క మాట స్థానమున ప్రధానముగా మూడు మాటలు నిలిచినవి: ప్రమాణమునకు తగ్గి, హానికరము మాత్రము కానిది నాసిరకము, లేబులుపై అబద్ధము చెప్పినది తప్పుడు ముద్ర, ప్రాణమునకు, ఆరోగ్యమునకు చేటు తెచ్చునది అసురక్షితము. మొదటి రెంటికి ధనదండన. మూడవదానికి కారాగారము, మరణము సంభవించినచో ఏడేండ్లకు తక్కువ కాకుండ యావజ్జీవము వరకు. చిన్నరైతు నేరస్థుల వరుసనుండి ఈ పదవిభజనవలననే బయటపడినాడు. ఇందుకు నేను హృదయపూర్వకముగా సంతోషించుచున్నాను.

అయితే పత్రికలును, ప్రజలును పాతమాటనే పట్టుకొనియుండుటచే కలుగు కీడు తక్కువది కాదు. 2011లో జాతీయ సర్వేలో 1,791 నమూనాలకు 68.4 శాతము ప్రమాణములకు సరిపోలేదని తేలగా, దేశమున మూడింట రెండుపాళ్ల పాలు కల్తీయని ప్రచారమైనది. 2018 సర్వే 1,103 పట్టణములనుండి 6,432 నమూనాలను తెచ్చి మూడు ప్రశ్నలను విడివిడిగా అడిగినది: 41 శాతము ఏదో ఒక గుణమున తక్కువ, 7 శాతము అసురక్షితము, బుద్ధిపూర్వకముగా హానికరవస్తువు కలిపినవి 12 మాత్రమే. ఆ 12లో ఎక్కువభాగము తెలంగాణవని తెలిసినపుడు మన మనస్సు చివుక్కుమనుట సహజము. కాని అంతకన్న పెద్ద సంఖ్య మరొకటి గలదు. 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ ఎం1 అను బూజువిషము పరిమితిని మించినది.

ఈ విషము కథ 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీకోళ్ల మరణముతో బయటపడినది. వాటి మేతలోని వేరుశనగపిండికి బూజు పట్టియుండెను. పశువు ఆ చెక్కను తిన్నచో విషము రూపుమారి పాలలోనికి దిగును. కాచినను పోదు, పాశ్చరీకరణమునకు లొంగదు. మన దేశమున అనుమతింపబడిన హద్దు కిలోగ్రాముకు 0.5 మైక్రోగ్రాము. లాక్టోమీటరు దీనిని చూడలేదు, గెర్బర్ గొట్టము చెప్పలేదు. పాలు పితికిన తల్లి ఒక్క చుక్క నీరును కలుపలేదు. ఆమె క్యాను నిండ చిక్కనిపాలే. తప్పు వానకు తడిసిన వేరుశనగచెక్క సంచిలో, గాలిరాని గోదాములో, అమ్మినవాని దుకాణములో ఎక్కడనో ఉన్నది. రాయలసీమ పల్లెలో పశువులపాక మూలన నేలపై ఆనించియుంచిన ఆ సంచి అడుగున, ఆకుపచ్చని పొడి యొకటి వ్రేలికి అంటుకొనును.