ఏటవాలు నేల మీద పుట్టిన బాణీ

ఏప్రిల్ 4 దగ్గర పడుతోందంటే పత్రికలన్నీ ఒకే ఫొటో బయటికి తీస్తాయి. మెంఫిస్ నగరంలో లొరేన్ మోటెల్, మేడ మీది వరండా, నేల మీద పడి ఉన్న మార్టిన్ లూథర్ కింగ్, తూటా వచ్చిన వైపు చేతులు చాపి చూపిస్తున్న మనుషులు. 1968 నాటి ఆ ఫొటో కనబడినప్పుడల్లా నాకు అదే మోటెల్ ఆవరణలో ఉన్న ఈతకొలను గుర్తొస్తుంది. ఆ కొలను ఒడ్డున కూర్చుని వేయించిన కోడి తింటూ పాటల గురించి మాట్లాడుకున్న కుర్రాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళలో నల్లవాళ్ళున్నారు, తెల్లవాళ్ళున్నారు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఆ రెండు రకాల మనుషులూ పక్కపక్కన కూర్చోగలిగిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అరవైల్లో అమెరికా పాట ఎందుకంతగా మారిపోయిందని అడిగితే వియత్నాం యుద్ధం, విద్యార్థుల తిరుగుబాటు, పొడుగు జుట్లు అని చెబుతారు. అన్నీ నిజమే. నేను మాత్రం ఇంకో ప్రశ్న వేసుకుంటాను: ఏ గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోగలిగారు? మెంఫిస్‌లో ఒక పాత సినిమా హాలు కథ తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ళ పాట మొదటి రెండు వందల ఏళ్ళూ ఎలా ఉండేదో రాసిపెట్టినవాళ్ళు చాలా తక్కువ. చేలో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడం, చర్చిలో పాస్టరు మాటకి జనం కేక కలపడం మాత్రం తరాలు దాటి వచ్చాయి. 1865లో బానిసత్వం చట్టప్రకారం పోయింది. పత్తి చేలు, భూస్వామి ఖాతాలో అప్పులు అలాగే ఉండిపోయాయి. సగం పంట ఇచ్చుకుంటూ పాలికి చేసుకునే ఆ బతుకుల్లోంచే మిసిసిపీ డెల్టాలో బ్లూస్ పుట్టింది. 1912లో డబ్ల్యూ.సి. హ్యాండీ ‘మెంఫిస్ బ్లూస్’ అచ్చు వేయించాడు. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది వదిలి చికాగో, డెట్రాయిట్ లాంటి ఊళ్ళకి వలసపోయారు. డెల్టా నుంచి బయల్దేరినవాళ్ళలో ఎందరికో మెంఫిస్ మొదటి మజిలీ. కొందరు అక్కడే దిగిపోయారు.

ఆ మెంఫిస్‌లో బడులు వేరు, బస్సులో సీట్లు వేరు. జంతు ప్రదర్శనశాలకి నల్లవాళ్ళని వారానికి ఒక్క రోజే రానిచ్చేవారు. గోడ కట్టలేకపోయింది గాలికి మాత్రమే. 1948లో డబ్ల్యూడీఐఏ అనే రేడియో స్టేషన్ నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి టీచర్ని మైకు ముందు కూర్చోబెట్టింది. కొద్ది కాలానికే మొత్తం కార్యక్రమాలు నల్లజాతి శ్రోతల కోసమే నడిపింది. బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పేరు తెచ్చుకున్నది అక్కడే. 1954లో దాని శక్తి 50,000 వాట్లకి పెరిగింది. తెల్ల పిల్లలు రాత్రిళ్ళు గదుల్లో రేడియో గొంతు తగ్గించి ఆ పాటలు విన్నారు. ఎదిగాక ఆ పాటలు వాయించాలనుకున్నారు, వాయించడానికి చోటు వెతుక్కున్నారు.

చోటు ఇచ్చింది జిమ్ స్టూవర్ట్. బ్యాంకులో ఉద్యోగం, పల్లె బాణీ ఫిడేలు వాయించడం సరదా. 1957లో చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. అతని అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ టీచరుగా చేసి తర్వాత బ్యాంకులో చేరిన మనిషి. తమ్ముడికి మంచి టేపు రికార్డరు కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టి కొనిచ్చింది. 1960లో ఇద్దరూ ఈస్ట్ మెక్‌లెమోర్ వీధిలో మూతపడ్డ క్యాపిటల్ థియేటర్‌ని అద్దెకి తీసుకున్నారు. తెల్లవాళ్ళు ఆ పేట ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారు, ఆ ఇళ్ళలోకి నల్ల కుటుంబాలు వస్తున్నాయి. చూసే జనం మారిపోయి హాలు ఆడలేదు. ఖాళీ హాలు కాబట్టి చవకగా దొరికింది. పేట మనుషులు మారకపోయి ఉంటే ఆ హాలు వీళ్ళ చేతికి వచ్చేది కాదు.

కుర్చీలు పీకేశారు. తెర ఉన్న వేదిక మీద కంట్రోల్ రూము పెట్టారు. నేలని సరిచేయడానికి డబ్బుల్లేక ఆ వాలు అలాగే వదిలేశారు. ఎత్తున ఒకరు, పల్లాన ఒకరు నిలబడి వాయించేవారు. గోడలు ఒకదానికొకటి సమాంతరంగా లేని ఆ పెద్ద గదిలో ధ్వని ఎటూ ఇరుక్కోక విచ్చుకునేది. ముందు వసారాలో పాప్‌కార్న్ అమ్మిన కౌంటర్ దగ్గర ఎస్టెల్ రికార్డుల షాపు తెరిచింది. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆవిడే. పేటలో పిల్లలు వచ్చి పాటలు వింటూ నిలబడితే తరిమేది కాదు. ఏది బాగుంది, ఏ దగ్గర కాలు కదిలింది అని అడిగి, వాళ్ళు చెప్పింది లోపలికి మోసుకెళ్ళేది. ఎదురు సరుకుల కొట్లో పనిచేసే డేవిడ్ పోర్టర్ అలాగే వీధి దాటి వచ్చి పాటలు రాసేవాడయ్యాడు.

మొదట తలుపు తట్టింది రూఫస్ థామస్. బట్టల మిల్లులో కూలీ, డబ్ల్యూడీఐఏలో అనౌన్సరు. కూతురు కార్లాని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రికార్డింగుకి బారిటోన్ సాక్సోఫోన్ వాయించేవాళ్ళు కావలసి వస్తే, పోర్టర్ బడికి పరిగెత్తి క్లాసులో కూర్చున్న బుకర్ టి. జోన్స్‌ని పట్టుకొచ్చాడు. ఆ పిల్లాడు మళ్ళీ బయటికి పోలేదు. 1962లో ఒక గాయకుడి రికార్డింగు కుదరక నలుగురు వాద్యకారులు ఊరికే కూర్చుని ఉన్న రోజు, బుకర్ ఆర్గన్ మీద ఏదో వాయిస్తుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. జిమ్ టేపు తిప్పాడు. అదే ‘గ్రీన్ ఆనియన్స్’. ఆర్గన్ బుకర్, డ్రమ్స్ అల్ జాక్సన్, బేస్ లూయీ స్టైన్‌బర్గ్, ముగ్గురూ నల్లవాళ్ళు. గిటార్ పట్టిన స్టీవ్ క్రాపర్ తెల్లవాడు. తర్వాత బేస్ గిటార్ డక్ డన్ చేతికి వచ్చాక లెక్క ఇద్దరూ ఇద్దరూ అయింది. 1961లోనే అక్కాతమ్ముళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి కంపెనీకి స్టాక్స్ అని పేరు మార్చారు.

డెట్రాయిట్‌లో అదే కాలంలో బెరీ గోర్డీ పెట్టిన మోటౌన్ ఇంకో దారి పట్టింది. తెల్లవాళ్ళ ఇళ్ళలోకి కూడా వెళ్ళాలని పాటని ఇస్త్రీ చేసి, గాయకులకి నడక, కూర్చునే తీరు కూడా నేర్పించింది. ఆ నునుపు ఆ పట్టణానిది. మెంఫిస్‌లో ఆ తీరిక లేదు, అంత డబ్బూ లేదు. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించి, తప్పు దొర్లినా ప్రాణం ఉన్న టేకునే ఉంచేవారు. గాయకుడు ఒటిస్ రెడింగ్ నొటేషన్ రాయకుండా నోటితోనే హమ్ చేసి ట్రంపెట్, సాక్సోఫోన్ వాళ్ళకి వరస చెప్పేవాడు. వాళ్ళు అలాగే తిరిగి పలికేవారు. చేలో ఎత్తుకుని అందుకున్న పాట అలా ఇత్తడి వాద్యాల్లోకి వచ్చింది. ట్రంపెట్ పట్టిన వేన్ జాక్సన్ తెల్లవాడు, సాక్సోఫోన్ ఆండ్రూ లవ్ నల్లవాడు. రికార్డు వింటే ఏ ఊపిరి ఎవరిదో విడదీయలేం.

ఒటిస్ ఆ హాలుకి వచ్చిన తీరు చెప్పకుండా ముందుకి పోలేను. 1962లో జార్జియా నుంచి జానీ జెంకిన్స్ అనే గిటారిస్టుని కారులో దింపడానికి వచ్చాడు. సామాన్లు మోశాడు. జెంకిన్స్ రికార్డింగు సరిగా సాగలేదు, కాస్త టైము మిగిలింది. ఈ డ్రైవరు కూడా పాడతాడట, ఒకసారి వినండి అని ఎవరో బతిమాలారు. బుకర్ అప్పటికే ఇంటికెళ్ళిపోతే క్రాపర్ పియానో దగ్గర కూర్చున్నాడు. ‘దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’ ఆ సాయంత్రానిది. ఆ గొంతులో బతిమాలుకోవడం, పట్టుబట్టడం రెండూ ఒకేసారి వినబడతాయి. పాత క్యాసెట్టులో మొదటిసారి విన్నప్పుడు నేను వెంటనే వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

ఇక ఆ ఈతకొలను. లొరేన్ మోటెల్ వాల్టర్ బెయిలీది. నల్లవాళ్ళని మంచి హోటళ్ళు రానివ్వని రోజుల్లో వాళ్ళ కోసం నడిపాడు, తెల్లవాళ్ళొచ్చినా కాదనలేదు. భార్య లోరీ పేరు మీదుగా మోటెల్‌కి ఆ పేరు. 1963లో నగర పార్కుల్లో, ఆటస్థలాల్లో రంగుభేదం ఇక చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెబితే, కలిసి ఈదడం ఇష్టంలేని మెంఫిస్ నగరం తన కొలనులకి తాళం వేసుకుంది. లొరేన్ కొలనుకి తాళం లేదు. ఎండకి స్టూడియోలో ఉడికిపోయిన వాద్యకారులు అక్కడికి పోయి ఈదేవారు. గాయకుడు విల్సన్ పికెట్, క్రాపర్ కలిసి 1965లో ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ కట్టింది లొరేన్ గదిలోనే. ఉరుములు మెరుపులతో గాలివాన కొడుతున్న ఒక రాత్రి గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ అక్కడే ‘నాక్ ఆన్ వుడ్’ రాశారు. దిష్టి తగలకుండా చెక్కని తట్టే వాళ్ళ ఆచారంతో పాటు ఆ గాలివాన కూడా పాటలోకి వచ్చేసింది.

‘మిడ్‌నైట్ అవర్’ రికార్డింగులో జరిగిన ఒక చిన్న సంగతి ఉంది. న్యూయార్క్ నుంచి వచ్చిన అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఉన్నట్టుండి కంట్రోల్ రూములోంచి బయటికొచ్చి, కుర్రకారు ఇప్పుడు ఎలా ఆడుతున్నారో చూడండని ఆ ఏటవాలు నేల మీద ‘జెర్క్’ నాట్యం ఆడి చూపించాడు. అది చూసి అల్ జాక్సన్, క్రాపర్ నాలుగు దెబ్బల తాళంలో రెండోదీ నాలుగోదీ రవ్వంత ఆలస్యంగా వేశారు. పడిపోతుందేమో అనిపించి ఆఖరి క్షణంలో కాలు ఆనినట్టుంటుంది ఆ నడక. తర్వాతి పాటల్లో అదే మెంఫిస్ గుర్తయింది. డ్యాన్సు హాళ్ళలో పిల్లల కాళ్ళు మారితే స్టూడియోలో తాళం మారింది.

వీధిలో మారింది కూడా లోపలికి వచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో దేశాలవారీ కోటాలు ఎత్తేసిన వలస చట్టమూ వచ్చింది. మన తెలుగు డాక్టర్లకీ ఇంజనీర్లకీ అమెరికా తలుపు తెరిచింది అదే. అక్కడ స్థిరపడ్డ మన కుటుంబాలు ఆ నల్లవాళ్ళ పోరాటానికి ఎంతో కొంత రుణపడి ఉన్నాయి. 1967 జులైలో డెట్రాయిట్ తగలబడినప్పుడు, నల్లవాళ్ళ షాపుల మీద ‘సోల్’ అని రాసుకుంటే అల్లరిమూక వాటిని వదిలేసి పోవడం స్టాక్స్‌లో పాటలు కట్టే ఐజాక్ హేస్ టీవీ వార్తల్లో చూశాడు. పోర్టర్‌తో కలిసి ‘సోల్ మ్యాన్’ రాశాడు. భార్య నుంచి కాస్త మర్యాద కోరే మగవాడి పాటగా ఒటిస్ 1965లో పాడిన ‘రెస్పెక్ట్’‌ని 1967లో అరెతా ఫ్రాంక్లిన్ తిరగేసి పాడింది. అడిగేది ఆడమనిషి అయ్యేసరికి అది ఇంట్లో ఆడవాళ్ళ పాటా అయింది, వీధిలో నల్లవాళ్ళ పాటా అయింది. అరెతా పుట్టిన ఇల్లు మెక్‌లెమోర్ వీధికి దగ్గర్లోనే లూసీ వీధిలో ఉంది.

అదే ఏడాది బార్-కేస్ అనే కుర్రాళ్ళ బృందం ‘సోల్ ఫింగర్’ రికార్డు చేసింది. అందులో వినబడే పిల్లల కేకలు బయట వీధిలో ఆడుకుంటున్న పిల్లలవి. అరిచినందుకు కూలి కోకాకోలా. ఆ అరుపులు వింటే పేట మొత్తం హాల్లోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

1967 డిసెంబరు 10న ఒటిస్ విమానం విస్కాన్సిన్‌లో మొనోనా సరస్సులో కూలింది. అతనికి 26 ఏళ్ళు. బార్-కేస్ కుర్రాళ్ళు నలుగురు అతనితోనే పోయారు. విమానంలో ఉన్నవాళ్ళలో బతికింది ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే. కొద్ది రోజుల కిందటే పాడిపెట్టిన ‘డాక్ ఆఫ్ ద బే’ పాటకి క్రాపర్ ఒంటరిగా కూర్చుని అలల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు కలిపాడు. పాట చివర ఒటిస్ ఈల ఉంటుంది. 1968 మార్చిలో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఆ ఏడాదే ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన. ఎకల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు చెత్త లారీ వెనకభాగంలో తలదాచుకుంటే యంత్రం కదిలి నలిగి చచ్చిపోయారు. ఆ నెల 12 నుంచి దాదాపు 1,300 మంది సమ్మెకి దిగారు. నేనూ మనిషినే అన్న అట్టలు మెళ్ళో వేసుకుని నడిచారు. వాళ్ళ కోసమే కింగ్ వచ్చి లొరేన్‌లో దిగాడు. ఏప్రిల్ 4 సాయంత్రం వరండాలోంచి వంగి, కింద నిలబడి ఉన్న సాక్సోఫోన్ కళాకారుడు బెన్ బ్రాంచ్‌తో, రాత్రి సభలో ‘ప్రెషస్ లార్డ్’ కీర్తన బాగా వాయించమని అడిగాడు. ఆయన ఆఖరి మాటలు అవే. ఆ బెన్ బ్రాంచ్ ఒకప్పుడు మెంఫిస్ క్లబ్బులో తన బృందంలోకి తెల్ల కుర్రాడు డక్ డన్‌ని తీసుకున్న మనిషి. ఆ సాయంత్రమే లోరీ బెయిలీ పక్షవాతంతో కుప్పకూలింది. కింగ్ అంత్యక్రియల రోజే ఆవిడా పోయింది.

ఆ తర్వాతి సంగతులు వరుసగా చెప్పాలంటే నాకు చేతకాదు, అవి వరుసలో లేవు. ఆ హత్య తర్వాత రేగిన అల్లర్లలో స్టాక్స్ హాలు చెక్కుచెదరలేదు గాని లోపలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కష్టమైంది. దాదాపు ఏడాది తనకి పాట రాలేదని హేస్ చెప్పుకున్నాడు. స్టాక్స్ పాత రికార్డుల మీద హక్కులు అట్లాంటిక్ చేతికి పోయాయని కంపెనీకి 1968లోనే తెలిసింది. 1969లో హేస్ నాలుగే పాటలతో ఒక ఆల్బం చేశాడు, వాటిలో ఒకటి 18 నిమిషాలకి పైగా సాగుతుంది. బుకర్ కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. 1972 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ స్టేడియంలో డాలరు టికెట్టుతో వాట్‌స్టాక్స్ కచేరీ పెడితే లక్ష మంది వచ్చారు. మూడేళ్ళకి, 1975లో, కంపెనీ దివాలా తీసింది. అదే ఏడాది అల్ జాక్సన్‌ని ఇంట్లోనే ఎవరో కాల్చి చంపారు. రవ్వంత ఆలస్యంగా పడే ఆ దెబ్బని తర్వాతి తరం హిప్‌హాప్ కుర్రాళ్ళు ముక్కలుగా కోసి తమ పాటల్లో అతికించుకున్నారు.

థియేటర్‌ని 1989లో కూల్చేశారు. లొరేన్ 1991లో పౌరహక్కుల మ్యూజియం అయింది. కింగ్ దిగిన 306వ నంబరు గది తలుపు దగ్గర ఇప్పటికీ పూలదండ వేలాడుతుంది. మెక్‌లెమోర్ వీధిలోని ఖాళీ స్థలంలో పాత నమూనా ప్రకారమే హాలు మళ్ళీ కట్టి 2003లో మ్యూజియంగా తెరిచారు. కొత్తగా కడుతున్నారు కాబట్టి నేల చదునుగా వేసుకోవచ్చు. వేయలేదు, కొలతలు చూసుకుని ఆ వాలు మళ్ళీ పోశారు. పక్కనే సంగీతం బడి ఉంది, పేట పిల్లలు వాయిద్యాలు భుజాన వేసుకుని వెళుతుంటారు.