ల్యాబ్ రిపోర్టు రాలేదు, సంతకు తోలనివ్వరు: ఆవుకు లంపీ స్కిన్ అనుమానం ఉంటే ఏం చేయాలి?

ఆవు ఒంటి మీద గడ్డలు లేచాయి. డాక్టర్ వచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. రోజులు గడుస్తున్నా రిపోర్టు రాలేదు. ఈలోగా పశువుల సంత మూసేశారు. బాగున్న ఆవునైనా అమ్ముదామంటే ఊరు దాటనివ్వడం లేదు. లంపీ స్కిన్ (ముద్దచర్మ వ్యాధి) వచ్చిన ఊళ్లలో పాడి రైతులకు ఎదురయ్యే కష్టాలివి.

ఊళ్లో అమ్మానాన్నలు పాడి చూసుకుంటుంటే, ఫోన్లో ఆరా తీసేది తరచూ నగరంలో ఉన్న పిల్లలే. రిపోర్టు వచ్చేదాకా ఏవి ఆగుతాయో, ఏవి ఆగాల్సిన పని లేదో ముందే తెలుసుకుంటే నష్టం చాలావరకు తగ్గుతుంది.

వ్యాధి లక్షణాలేంటి?

ఇది వైరస్ వల్ల వస్తుంది. దోమలు, జోరీగలు, గోమార్లు ఒక పశువు నుంచి మరో పశువుకు అంటిస్తాయి. జ్వరం, ఒళ్లంతా గడ్డలు, కాళ్ల వాపు కనిపిస్తాయి. పాలు తగ్గిపోతాయి. ఆవుల్లో ఎక్కువగా, గేదెల్లో తక్కువగా వస్తుంది. మన దేశంలో 2019లో ఒడిశాలో తొలిసారి బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ సహా అనేక రాష్ట్రాలకు పాకింది. ఇది మనుషులకు సోకదు. పాలు బాగా మరగకాచి తాగొచ్చు.

రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుంది?

మండల పశువైద్యశాలలో ఈ పరీక్ష చేయరు. గడ్డ మీది చెక్కు, రక్తం తీసి ఐసులో పెట్టి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ పీసీఆర్ పరీక్షలో వైరస్ ఉందో లేదో తేలుతుంది. రాష్ట్ర ల్యాబ్‌లతో పాటు బెంగళూరులో దక్షిణాది రాష్ట్రాల ప్రాంతీయ ల్యాబ్, భోపాల్‌లో జాతీయ స్థాయి సంస్థ ఉన్నాయి. ఒక్కసారిగా కేసులు పెరిగితే శాంపిళ్లు పోగుపడతాయి.

ఇంకో సంగతి. ఒక ఊళ్లో వ్యాధి ఖరారయ్యాక, అవే లక్షణాలున్న ప్రతి పశువుకూ పరీక్ష చేయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. కాబట్టి ‘మా ఆవు రిపోర్టు వచ్చిందా’ అని మాత్రమే కాకుండా, ‘మా ఊళ్లో వ్యాధి ఖరారైందా’ అని కూడా అడగండి.

రిపోర్టు కోసం ఆగకూడని పనులు

- వైద్యం: వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. జ్వరం, పుండ్లు, ఇన్‌ఫెక్షన్‌కు డాక్టర్ లక్షణాలను బట్టే మందులిస్తారు. దీనికి రిపోర్టు అక్కర్లేదు.
- విడిగా కట్టేయడం: గడ్డలున్న ఆవును మిగతా పశువుల నుంచి వేరు చేయాలి. మేత, నీళ్ల తొట్టి కూడా వేరుగా ఉండాలి. దోమలు, ఈగలు రాకుండా కొట్టం శుభ్రంగా ఉంచాలి.
- టీకా: ఆరోగ్యంగా ఉన్న పశువులకు గోట్ పాక్స్ టీకా వేస్తారు. రోగమున్న పశువుకు వేయరు. టీకా ఫలితం చూపడానికి రెండు, మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.
- సమాచారం: అంటువ్యాధి అనుమానం ఉంటే పంచాయతీకి గానీ గ్రామ అధికారికి గానీ చెప్పడం చట్టం ప్రకారం యజమాని బాధ్యత. 1962 నంబరుకు కూడా ఫోన్ చేయొచ్చు. ఊళ్లో ఉన్నవారి ఫోన్ నుంచే చేయించడం మేలు. ఎప్పుడు, ఎవరికి చెప్పారో రాసి పెట్టుకోండి.

పశువులను ఎక్కడికీ తీసుకెళ్లకూడదా?

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం 2009 కింద ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని ‘నియంత్రిత ప్రాంతం’గా ప్రకటించొచ్చు. అప్పుడు ఆ జాతి పశువులను ఉన్నచోటు నుంచి కదిలించకూడదు. సంతలు, పశు ప్రదర్శనలు పెట్టకూడదు. వ్యాధి బయటపడిన చోటు నుంచి 10 కిలోమీటర్ల లోపు పశువుల సంతలు మూసేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయితే ఇందులో రెండు మినహాయింపులున్నాయి. టీకా వేయించడానికి దగ్గర్లోని కేంద్రానికి పశువును తోలుకెళ్లొచ్చు. అలాగే టీకా వేసినట్టు గుర్తు, చెల్లుబాటయ్యే టీకా సర్టిఫికెట్ రెండూ ఉన్న పశువును తరలించొచ్చు. అందుకే టీకా వేసిన రోజే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు అందులో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

వాహనంలో ఎక్కించాలంటే, పశువు ప్రయాణానికి తగ్గ ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం కూడా కావాలి. జిల్లాలో కలెక్టర్ అదనపు ఆంక్షలు పెట్టి ఉండొచ్చు. పొరుగు రాష్ట్రం చెక్‌పోస్టులో ఆపొచ్చు. బయల్దేరే ముందే ఆ ఉత్తర్వు కాపీ చదవండి.

రిపోర్టు రాకముందే అమ్మేస్తే సరిపోతుందా?

డబ్బు అవసరంలో చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. రోగమున్న పశువును సంతకు తేవడం నేరం. ఒక్క ఆవుతో ఇంకో ఊరికి వ్యాధి చేరుతుంది. కొన్నవారి కొట్టం మొత్తం ఖాళీ కావొచ్చు.

పాలు అమ్మొచ్చా?

ఈ ఆంక్షలు ప్రధానంగా పశువుల కదలికల మీదే. ఆరోగ్యంగా ఉన్న ఆవుల పాలు కేంద్రానికి పోయొచ్చు. యాంటీబయాటిక్ వాడుతున్న ఆవు పాలను మాత్రం డాక్టర్ చెప్పినన్ని రోజులు పక్కన పెట్టాలి.

ఆవు చనిపోతే?

బీమా ఉంటే పూడ్చే ముందే డాక్టర్‌కు, బీమా కంపెనీకి చెప్పాలి. పోస్టుమార్టం నివేదిక, చెవి పోగు లేకపోతే క్లెయిమ్ రావడం కష్టం. జాతీయ పశుధన మిషన్ కింద బీమా ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. వ్యాధి ఊళ్లోకి రాకముందే బీమా చేయించడం మంచిది.

రిపోర్టు కోసం ఎవరిని అడగాలి?

శాంపిల్ తీసిన తేదీ, నంబరు, పంపిన ల్యాబ్ పేరు ముందే తెలుసుకోండి. మొదట మండల పశువైద్యాధికారిని, తర్వాత జిల్లా పశుసంవర్ధక అధికారిని అడగండి. అక్కడా సమాధానం రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఇందుకే ఉన్నాయి. ముప్పు తొలగాక ఆంక్షలు ఎత్తేయడానికి కూడా అధికారిక ప్రకటన కావాలి. కాబట్టి అర్జీలో రిపోర్టుతో పాటు, ఆంక్షలు ఎప్పటివరకు ఉంటాయో కూడా అడగండి.